సినిమా అయ్యాక పిల్లల్ని మాట్లాడనివ్వండి

మన క్రైస్తవ పాఠశాలల్లో సినిమా ఎప్పుడు వేస్తారో పిల్లలకు బాగా తెలుసు. పరీక్షలు అయిపోయి సెలవులకు రెండు రోజులుంటే వేస్తారు. లెక్కల సారు రాకపోతే వేస్తారు. నవంబరు 14న వేస్తారు, క్రిస్మస్ సెలవులకు ముందు వేస్తారు. గంట కొట్టగానే సగంలో ఆపేస్తారు. మిగతా సగం ఏమయిందో ఎవరూ అడగరు. పాఠం లేని చోట ఖాళీ పూడ్చే వస్తువుగానే సినిమా మన బళ్ళలోకి వచ్చింది.

సినిమాయే పాఠం కావచ్చని నా వాదన. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, సినిమా ముగిశాక పిల్లలు మాట్లాడుకునే అరగంటే పాఠం. కథలతో పెరిగిన సంఘం మనది కాబట్టి ఈ పని అందరికంటే ముందు మనమే చెయ్యాలి. దీనికి బీదర్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాను. అలాంటి పాఠం అవసరమూ, దానిపట్ల భయమూ రెండూ ఆ ఊళ్ళో పక్కపక్కనే ఉన్నాయి.

సినిమాతో బోధించడం తెలుగు క్రైస్తవులకు కొత్త కాదు. 1978లో వచ్చిన 'కరుణామయుడు'ను ఎన్ని పల్లెల్లో రెండు గుంజల మధ్య తెల్లగుడ్డ కట్టి, జనరేటరు పెట్టి చూపించారో లెక్క లేదు. యేసు అనగానే విజయచందర్ ముఖమే కళ్ళ ముందు కదిలే తరం ఇంకా మన సంఘాల్లో ఉంది. సినిమా లోకసంబంధమైనది, చూడటమే పాపం అని ఆదివారం బోధించిన పెద్దలే సోమవారం రాత్రి ఆ తెర కట్టడానికి తాడు పట్టుకున్నారు. దాన్ని వేళాకోళం చెయ్యడానికి ఈ మాట అనడం లేదు. చదువు రాని తల్లికి సువార్త కళ్ళతో చూపించాలన్న తపన అందులో ఉంది. కాకపోతే ఆ ప్రదర్శనల్లో రీలు ఆగగానే ప్రసంగం మొదలయ్యేది. చేతులెత్తమనేవారు, ముందుకు రమ్మనేవారు. నువ్వేం చూశావమ్మా, నీకేమనిపించింది అని అడిగేవారు తక్కువ.

ఆ అలవాటే వేసవి వి.బి.ఎస్.కి దిగింది. దావీదు గొల్యాతుల బొమ్మల సినిమా వేస్తాం. అవగానే క్విజ్. దావీదు వాగులోంచి ఎన్ని రాళ్ళు ఏరుకున్నాడు? గొల్యాతు ఎత్తు ఎన్ని మూరలు? సరిగ్గా చెప్పిన వాడికి పెన్సిలు బాక్సు. మధ్యలో ఒక పిల్ల లేచి, అంత చిన్నవాణ్ని యుద్ధానికి ఎందుకు పోనిచ్చారు, పెద్దవాళ్ళంతా ఏం చేస్తున్నారు అని అడిగిందనుకోండి. తర్వాత చెప్తాలే, కూర్చో అంటాం. ఆ రోజు అడగాల్సిన అసలు ప్రశ్న అదొక్కటే.

ప్రభువు ఎలా చెప్పాడో చూడండి. లూకా సువార్త పదో అధ్యాయంలో ధర్మశాస్త్రోపదేశకుడు పొరుగువాడెవడని అడుగుతాడు. యేసు నిర్వచనం చెప్పలేదు. ఒక దారి చూపించాడు, దొంగలు పడ్డారన్నాడు, ముగ్గురు నడిచి వెళ్ళారన్నాడు. కథ అయ్యాక నీతి కూడా ఆయన చెప్పలేదు. ఆ ముగ్గురిలో ఎవడు పొరుగువాడయ్యాడో నువ్వే చెప్పమని తిరిగి అడిగాడు. సమరయుడన్న పేరు కూడా నోట పలకలేని ఆ మనిషి, చివరికి తన నోటితోనే జవాబు చెప్పుకోవలసి వచ్చింది. దీనికంటే మంచి పాఠ్యప్రణాళిక నాకు తెలియదు.

ఇక బీదర్ సంగతి. 1956లో హైదరాబాదు రాష్ట్రాన్ని విడగొట్టినప్పుడు పాత బీదర్ జిల్లా మూడు ముక్కలైంది. జహీరాబాదు, నారాయణఖేడ్ తెలుగువైపు వచ్చాయి. మరాఠీ మాట్లాడే తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి పోయాయి. మిగిలిన బీదర్ అప్పటి మైసూరులో, అంటే ఇప్పటి కర్ణాటకలో కలిసింది. గీతలు గీసినంత తేలిగ్గా భాషలు విడిపోవు కదా. ఇవాళ్టికీ బీదర్ బజారులో కన్నడం, దక్కనీ ఉర్దూ, మరాఠీ, తెలుగు నాలుగూ వినిపిస్తాయి. ఇంట్లో తెలుగు, వీధిలో దక్కనీ, బళ్ళో కన్నడం, పై చదువుకి ఇంగ్లీషు. ఇలా నాలుగు నాలుకలతో పెరిగే పిల్లలు అక్కడున్నారు. మెథడిస్టు మిషన్ కాలం నుంచి క్రైస్తవుల బళ్ళూ, సంఘాలూ ఉన్న ప్రాంతం అది.

ఆ ఊళ్ళోనే 2020 జనవరి 21న షాహీన్ పాఠశాలలో నాలుగు, ఐదు, ఆరు తరగతుల పిల్లలు ఒక నాటకం వేశారు. పౌరసత్వ సవరణ చట్టం మీద. దాని వీడియో సామాజిక మాధ్యమాల్లోకి వెళ్ళింది. ఫిర్యాదు వచ్చింది. రాజద్రోహం కేసు పెట్టారు. జనవరి 30న బడి ప్రధానోపాధ్యాయురాలినీ, నాటకంలో మాట పలికిన ఒక పాప తల్లినీ అరెస్టు చేశారు. రెండు వారాలకు గానీ వాళ్ళకు బెయిలు రాలేదు. ఈలోగా పోలీసులు పదే పదే బడికి వచ్చి పిల్లల్ని ప్రశ్నించారు. ఈ మాటలు ఎవరు నేర్పారు, ఎవరు రాసిచ్చారు అని. యూనిఫాంలో, ఆయుధాలతో వచ్చి పిల్లల్ని విచారించడం బాలల న్యాయ చట్టానికి విరుద్ధంగా కనిపిస్తోందని 2021 ఆగస్టులో కర్ణాటక హైకోర్టే వ్యాఖ్యానించింది. 2023 జూన్‌లో అదే హైకోర్టు కలబురగి బెంచి, ఇది రాజద్రోహం కాదని కేసు కొట్టేసింది.

కేసు పోయింది, మంచిదే. ఆ మూడేళ్ళు ఆ బడి పిల్లలు నేర్చుకున్నదేమిటి? బళ్ళో మాట్లాడితే అమ్మను పట్టుకుపోతారన్నది. పక్క బడి టీచర్లు నేర్చుకున్నదేమిటి? సిలబస్ దాటి ఒక్క మాట కూడా వద్దన్నది. ఆ పక్క బళ్ళలో మనవీ ఉన్నాయి. క్రైస్తవ బడి అనగానే మతమార్పిడి చేస్తారని వేలెత్తి చూపే వాతావరణంలో మన హెడ్మాస్టర్లు మరింత భయపడటంలో ఆశ్చర్యం లేదు. అందుకే మన ప్రొజెక్టర్ల మీద ఎవరికీ నొప్పి తగలని, ఎవరికీ ఏమీ చెప్పని బొమ్మలే ఆడుతుంటాయి.

ఆ తీర్పులో కోర్టు ఇంకో మాట కూడా అంది. ప్రభుత్వ విధానాలను విమర్శించడం పిల్లలకు నేర్పడం బడి పని కాదని, చదువు మీద ఆసక్తి పెంచే సృజనాత్మక అంశాలనే నాటకాలుగా ఎంచుకోవడం మేలని. తీర్పును గౌరవిస్తూనే ఈ మాటతో విభేదిస్తున్నాను. ఆకలి వర్తమాన రాజకీయమా, పాఠ్యాంశమా? ఊళ్ళో సర్కారు బడి మూతపడటం? తల్లి మాట్లాడే భాష బళ్ళో లేకపోవడం? పిల్లవాడు పొద్దున లేచిన దగ్గర్నుంచి ఇవే చూస్తాడు. వీటిని తరగతి గది గుమ్మం దగ్గర చెప్పులతోపాటు వదిలి రమ్మంటే, లోపలికి వచ్చేది సగం పిల్లవాడే.

అయితే నాటకానికీ సినిమా చర్చకూ ఒక తేడా ఉంది, అది నాకు ముఖ్యంగా తోస్తుంది. బడి నాటకంలో పిల్లలు పలికేది పెద్దలు రాసిచ్చిన మాట. షాహీన్ బడి అనే కాదు, మన క్రిస్మస్ నాటకమూ అంతే. హేరోదు వేషం కట్టిన పిల్లవాడు హేరోదు గురించి తానేమనుకుంటున్నాడో ఎవరికీ తెలియదు. సినిమా చూశాక పిల్లవాడు పలికేది తన సొంత మాట. అది మనకు నచ్చకపోవచ్చు. మన మీదికే రావచ్చు. కానీ అది వాడిదే. ఈ మాటలు నీకెవరు నేర్పారని అడిగితే, ఎవరూ నేర్పలేదు, నేను చూశాను అని చెప్పగలడు.

ఏం చూపించాలి? నాకు మొదట గుర్తొచ్చేది ఇరాన్ దర్శకుడు మాజిద్ మాజిదీ 1997లో తీసిన 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్'. బీదర్‌కు ఇరాన్ దూరమేమీ కాదు. 1472లో అక్కడ మదరసా కట్టించిన బహమనీ మంత్రి మహమూద్ గవాన్ ఇరాన్‌లోని గీలాన్ నుంచి వచ్చినవాడే. ఆ కట్టడం గోడల మీద మిగిలిన రంగు పలకలు ఇప్పటికీ ఆ దేశాన్నే గుర్తు చేస్తాయి. కాబట్టి పిల్లల్ని ఒక పూట మదరసా చూపించడానికి తీసుకెళ్ళి, మర్నాడు ఈ సినిమా వెయ్యవచ్చు.

కథ చిన్నది. అలీ అనే పిల్లవాడు చెల్లి జహ్రా బూట్లు బాగు చేయించి తెస్తూ పోగొట్టుకుంటాడు. నాన్న దగ్గర డబ్బు లేదని ఇద్దరికీ తెలుసు. అందుకని ఇంట్లో చెప్పకుండా, ఉన్న ఒక్క జత బూట్లనే పంచుకుంటారు. పొద్దున బడికి చెల్లి వేసుకెళ్ళి పరుగున వస్తుంది, సందు మలుపులో మార్చుకుని మధ్యాహ్నం బడికి అన్న పరుగెడతాడు. రోజూ ఆలస్యమే. బడి పెద్ద గుమ్మంలో పట్టుకుంటాడు. ఒకసారి మందలిస్తాడు, ఇంకోసారి నాన్నను తీసుకురమ్మంటాడు. ఎందుకు ఆలస్యమవుతోందో పిల్లవాడు చెప్పలేడు, చెప్పేలా ఆయనా అడగడు.

ఈ ఒక్క సీను దగ్గర ఆపండి చాలు. పిల్లల్ని కాదు, ముందు టీచర్ల గదిలో చూపించండి. ప్రేయరు బెల్లు కొట్టాక వచ్చిన పిల్లల్ని గేటు బయట నిలబెట్టే బళ్ళు మనకు ఎన్ని లేవు? వాళ్ళలో ఎంతమంది తల్లి కూలికి పోతే తమ్ముణ్ని అంగన్‌వాడీలో దించి వస్తున్నారో, ఎంతమంది నీళ్ళ బిందె దించి వస్తున్నారో గేటు దగ్గర నిలబడ్డవాళ్ళకు తెలుసా?

అదే సినిమాలో ఇంకో రెండు చోట్లున్నాయి. తండ్రి మసీదు కోసం చక్కెర గడ్డలు పగలగొడుతుంటాడు. కూతురు టీ తెస్తుంది, ఇంత చక్కెర ఉంది కదా, ఇందులోంచే వేసుకో అంటుంది. అది మసీదుది, మనది కాదంటాడు ఆయన. చందా పెట్టె లెక్కల మీద కొట్లాడుకునే మన సంఘ కమిటీలకు ఈ సీను విడిగా వేసి చూపించాలని నాకు చాలాసార్లు అనిపించింది, అది వేరే సంగతి. రెండో చోటు. తన బూట్లు బళ్ళో ఇంకో పిల్ల కాళ్ళకు కనిపిస్తాయి జహ్రాకు. అన్నాచెల్లెళ్ళు ఆ పిల్ల వెనకే ఆమె ఇంటిదాకా వెళ్తారు. ఆ పిల్ల తండ్రికి చూపు లేదు. చూస్తారు, ఏమీ అడగకుండా వెనక్కి తిరుగుతారు. ఒక్క మాట ఉండదు. పిల్లలు ఎందుకు అడగలేదని తరగతిలో వేసి చూడండి. అడగాల్సింది, బూట్లు తనవే కదా అని సగం మంది అంటారు. వద్దని మిగతా సగం. ఆ వాదన జరుగుతుంటే టీచరు మధ్యలో దూరకపోవడమే పెద్ద తపస్సు.

ఈ కుటుంబం ముస్లిం కుటుంబం. అది ఎక్కడా మనం ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు, తెర మీదే ఉంది. పక్కింటి ముస్లింల గురించి వాట్సాప్‌లో వచ్చినవే తెలిసిన పిల్లవాడు, ఈ గంటన్నరలో అలీతో పాటు పరుగెత్తుతాడు. మతసామరస్యం మీద ఎన్ని వ్యాసరచన పోటీలు పెట్టినా ఆ పరుగు రాదు.

రెండో సినిమా మనకు ఇంకా దగ్గరిది. అమోల్ గుప్తే తీసిన 'స్టాన్లీ కా డబ్బా', 2011. బొంబాయిలో ఒక క్రైస్తవ బడి, పిల్లవాడి పేరు స్టాన్లీ ఫెర్నాండెజ్. వాడు టిఫిన్ డబ్బా తెచ్చుకోడు. స్నేహితులు తమవి పంచుతుంటారు. పిల్లల డబ్బాల మీద పడి తినే ఒక మాస్టారు, డబ్బా లేకపోతే బడికి రావద్దని వాణ్ని తరిమేస్తాడు. దర్శకుడే ఆ మాస్టారి వేషం వేశాడు. స్టాన్లీకి తల్లిదండ్రులు లేరని, బంధువు హోటల్లో పొద్దుపోయేదాకా పని చేస్తాడని చివర్లో గానీ మనకు తెలియదు. బళ్ళో ఒక్క టీచరుకూ తెలియదు. ఈ సినిమా తీసిన పద్ధతి కూడా చెప్పుకోదగ్గది. బడి పిల్లలతో శనివారాల్లో వర్క్‌షాపులు పెట్టి, రోజుకు కొన్ని గంటలే పని చేయించి తీశారు. బాలకార్మికుల సినిమా కోసం పిల్లల చదువు చెడగొట్టకూడదని.

దావీదు దగ్గరికి నాతాను ప్రవక్త వెళ్ళి గొర్రెపిల్ల కథ చెప్పిన ఘట్టం మనందరికీ కంఠతా వచ్చు. ఆ కథ విని రాజు మండిపడ్డాడు, ఆ ధనవంతుణ్ని శిక్షించాలన్నాడు. తన గురించేనని అప్పటికి తెలియదు. స్టాన్లీ సినిమాలో మాస్టారిని చూసి మనం అలాగే మండిపడతాం. ఆ కోపం చల్లారకముందే అడగాల్సిన ప్రశ్న ఉంది. తిలువబొమ్మ గేటు మీద పెట్టుకున్న ఆ బళ్ళో, రోజూ ప్రార్థనతో మొదలయ్యే ఆ బళ్ళో, ఒక పిల్లవాడి ఇంటి సంగతి ఎవరికీ తెలియకుండా ఎలా పోయింది? ఫీజు బాకీ ఎంతుందో తెలుస్తుంది కదా, డబ్బా ఎందుకు లేదో ఎందుకు తెలియదు?

కన్నడంలో 2018లో రిషభ్ శెట్టి తీసిన కాసరగోడు సర్కారీ బడి సినిమా బీదర్‌లో తప్పక వెయ్యాల్సినది. ఉత్తమ బాలల చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. కేరళలో చిక్కుకున్న కన్నడ బడి, కన్నడం రాని మలయాళం మాస్టారు, బడి మూసెయ్యాలన్న ప్రయత్నం. నవ్విస్తూనే గుచ్చుతుంది. బీదర్‌లో కన్నడ పిల్లలు దీన్ని చూసి అక్కడి కన్నడ పిల్లల మీద జాలిపడతారు. అప్పుడు, మరి మన క్లాసులో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళెవరు, మరాఠీ ఎవరు, ఉర్దూ ఎవరు అని అడగాలి. నాకు కన్నడంలో లెక్క అర్థం కాదు, తెలుగులో అయితే వస్తుంది అని ఒక పిల్ల అంటే, అది భాషా దురభిమానం కాదు, రాజ్యాంగం 350-ఎ అధికరణం మాట్లాడిన విషయమే. ప్రాథమిక స్థాయిలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో చదువుకు వీలు కల్పించడానికి ప్రయత్నించాలని అది రాష్ట్రాలకు చెబుతుంది. ఆ అధికరణం వచ్చింది కూడా 1956లోనే, బీదర్ మూడు ముక్కలైన ఏడాది. మనం దీన్ని తెలుగువాళ్ళ ఫిర్యాదుగా మాత్రమే చూస్తే మళ్ళీ తప్పే. హైదరాబాదులో మన క్రైస్తవ ఇంగ్లీషు మీడియం బళ్ళలో తెలుగు మాట్లాడితే జరిమానా వేసే చోట్లు లేవా?

తమిళంలో 'కాకా ముట్టై' ఉంది. చెన్నై మురికివాడ అన్నదమ్ములిద్దరు పిజ్జా కోసం పడే పాట్లు. కాకిగుడ్లు తాగే ఆ పిల్లల ఆటస్థలం పోయి అక్కడ పిజ్జా షాపు వస్తుంది. ఇంట్లో తిండికి కటకట, కానీ ఉచితంగా వచ్చిన టీవీ ఉంటుంది. ఎనిమిదో తరగతికి ఆర్థికశాస్త్రం చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

నాగరాజ్ మంజులే 2013లో తీసిన మరాఠీ 'ఫండ్రీ' పిల్లల సినిమాగా తీసింది కాదు, పిల్లవాడి గురించిన సినిమా. తొమ్మిది దాటినవాళ్ళకే, టీచరు ముందు రెండుసార్లు చూశాకే వెయ్యాలి. బూతులున్నాయి, హింస ఉంది. కైకాడి కులపు పిల్లవాడు జబ్యా, ఊరంతా చూస్తుండగా పందుల్ని పట్టాల్సి రావడం. పట్టిన పందిని కర్రకు కట్టి మోసుకుపోతుంటే వెనక బడి గోడ మీద అంబేద్కర్, ఫూలే, సావిత్రీబాయి బొమ్మలు కనిపిస్తాయి. ఇది మన యౌవనస్థుల కూటాల్లో కూడా వెయ్యాలి. క్రీస్తులో కులం లేదని చెప్పడం తేలిక. పెళ్ళిసంబంధాల దగ్గర, సమాధుల తోట దగ్గర కులం ఎలా లేచి కూర్చుంటుందో మన పిల్లలు చూస్తూనే ఉన్నారు, మనం చెప్పమని అడగం అంతే.

తెలుగులో ఇలాంటివి తక్కువ. అక్కినేని కుటుంబరావు 'భద్రం కొడుకో', 'పాతనగరంలో పసివాడు' లాంటివి తీశారు. వాటి పేర్లు విన్న టీచర్లెందరు? బాలల చిత్ర సమితి 1955లో పుట్టింది, 2022లో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో కలిసిపోయింది. ఆ సమితి గోల్డెన్ ఎలిఫెంట్ పిల్లల చిత్రోత్సవానికి హైదరాబాదే వేదికగా ఉండేది. 2017లో ఇరవయ్యోది జరిగింది. ప్రపంచం నలుమూలల పిల్లల సినిమాలు మన గుమ్మం ముందుకు వస్తే, వాటిలో ఎన్ని మన తరగతి గదుల్లోకి వచ్చాయి?

ఎలా వెయ్యాలన్నది ఏం వెయ్యాలన్నదానికంటే పెద్ద సంగతి. రెండు గంటల సినిమా ఒక్క పూటలో పూర్తి చెయ్యాలన్న నియమం ఎక్కడా లేదు. నలభై నిమిషాలు వేసి ఆపి, తర్వాత ఏమవుతుందో ఇంటికెళ్ళి ఆలోచించమంటే చాలు. భాష తెలియకపోతే టీచరు ముందే చూసి, మధ్యమధ్యలో కథ చెప్పవచ్చు. మన ఊళ్ళలో హరికథ దాసు చేసిన పనే అది. ఆపాక మొదటి ప్రశ్న ఎప్పుడూ, ఏం చూశారు అన్నదే కావాలి. ఏం నేర్చుకున్నారు అని మాత్రం అడగొద్దు. ఆ ప్రశ్న వినగానే పిల్లలు మనకు నచ్చే జవాబు వెతుక్కుంటారు, అబద్ధమాడకూడదు సార్ అనేస్తారు. ఏం చూశావంటే, ఆ పాప సాక్సులు పెద్దవి సార్, జారిపోతున్నాయి అంటారు. అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు. ఎప్పుడూ నోరెత్తని పిల్లను ముందుగా అడగండి. ఎప్పుడూ చెయ్యెత్తేవాణ్ని చివర అడగండి. ఒకడు తన ఇంటి సంగతి చెప్పి ఏడిస్తే ఆ రోజుకు చర్చ ముగించి, తర్వాత విడిగా వాడితో మాట్లాడండి. అందరిముందూ ప్రార్థన చేయించకండి.

ఇంకో హెచ్చరిక, బీదర్ నేర్పిందే. ఆ గదిలో ఎవరి చేతిలోనూ ఫోను ఉండకూడదు. పిల్లల మాటలు రికార్డు చెయ్యడం, సంఘం గ్రూపులో పెట్టడం, మా పిల్లలు ఎంత బాగా మాట్లాడారో అని స్టేటస్ పెట్టడం వద్దు. పిల్లవాడు నమ్మి చెప్పిన మాట ఆ నాలుగు గోడల మధ్యే ఉండాలి. ఇది పిరికితనం కాదు. ఏ సినిమా వేస్తున్నామో, ఎందుకో తల్లిదండ్రులకు ముందే చీటీ రాసి పంపడం, వీలైతే వాళ్ళనూ పిలవడం కూడా పిరికితనం కాదు. దాచి చేసే పని కాదని తెలిస్తే సగం అనుమానాలు అక్కడే పోతాయి.

చట్టం ఒప్పుకుంటుందా అని హెడ్మాస్టర్లు అడుగుతారు. 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షన్ విద్యాసంస్థలకు మినహాయింపు ఇచ్చింది. బడి కార్యక్రమంలో భాగంగా సిబ్బంది, విద్యార్థులు, వాళ్ళ తల్లిదండ్రులు, ఆ కార్యక్రమంతో సంబంధమున్నవాళ్ళ వరకే సినిమా చూపిస్తే అది ఉల్లంఘన కాదు. చర్చి ఆవరణలో ఊరందరికీ వేస్తే ఈ మినహాయింపు వర్తించదు, అనుమతి తీసుకోవాలి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బళ్ళలో పిల్లల సమ్మతి, చిన్నపిల్లలైతే సంరక్షకుల సమ్మతి లేకుండా మతబోధకు కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. అలీ సినిమా వేసి చివర్లో సువార్త జోడించాలన్న ఉత్సాహం కొందరికి వస్తుంది. దయచేసి ఆపుకోండి. ఆ అలీ, ఆ జహ్రా మన ప్రసంగానికి ఉపోద్ఘాతాలు కారు.

సిలబస్ అవదని సారులంటారు. నెలకు ఒక శనివారం, రెండు పీరియడ్లు. ఆ మాత్రం సమయం మార్చ్‌పాస్ట్ రిహార్సల్‌కు పోవడం లేదా? కళల ద్వారా చదువు చెప్పమని 2020 జాతీయ విద్యావిధానమే అంటోంది, కాగితం చూపించమంటే చూపించవచ్చు. ప్రొజెక్టరు లేకపోతే ముప్పై మందికి ఒక టీవీ చాలు. వి.బి.ఎస్.కి సేవ చేసే యౌవనస్థుల దగ్గర లాప్‌టాప్ ఉంటుంది, పాటలకు కొన్న స్పీకరు సంఘంలో ఉంటుంది. జహీరాబాదు సంఘపు యువకులు సరిహద్దు దాటి బీదర్ వెళ్ళడానికి గంట పట్టదు. అక్కడి తెలుగు పిల్లలకు తమ భాషలో మాట్లాడి నవ్వించే అన్నయ్యలు, అక్కయ్యలు అవసరం.

మొదటిసారి వేసేవాళ్ళకు అలీ సినిమా చివరి భాగం గురించి ఒక్క మాట. పరుగుపందెంలో మూడో బహుమతి ఒక జత బూట్లు. అలీ ఆ మూడో స్థానం కోసమే పరుగెడతాడు, పొరపాటున మొదటివాడవుతాడు. అందరూ ఎత్తుకుంటే వాడు ఏడుస్తుంటాడు. ఇంటికొచ్చి బొబ్బలెక్కిన పాదాలు నీళ్ళ తొట్టిలో పెడితే చేపలు చుట్టూ మూగుతాయి. తండ్రి కొన్న కొత్త బూట్లు సైకిలు మీద ఇంటికి వస్తున్నాయని చూసేవాళ్ళకు తెలుసు, అలీకి తెలియదు. బొమ్మ అక్కడే ఆగిపోతుంది. పిల్లలు ఒక్కసారిగా అరుస్తారు. అయిపోయిందా సార్? వాడికి తెలియదా సార్? ఎవరు చెప్తారు సార్? ఆ గోలను ఆపకుండా, లైటు వేసి వాళ్ళ మధ్యలో కూర్చోండి.